ఒకే నంబరు మీద తొమ్మిది మంది

సమత పని చందనవెల్లిలో, ఫ్యాక్టరీ గేటు పక్కనున్న ట్రాన్స్‌పోర్టు గదిలో. షిఫ్టుకు వచ్చేవాళ్లను ఏ బస్సు ఎక్కడ ఎక్కించుకోవాలో చూస్తుంది. చేవెళ్ల నుంచి స్కూటీ మీద వస్తుంది. మొదట ఎంట్రీలు కొట్టడానికి తీసుకున్నారు. పట్టికలను కలిపి చూపించే సాఫ్ట్‌వేర్‌ను ఫోనులో వీడియోలు చూసి నేర్చుకుంది. తప్పు వస్తే కోపం తెచ్చుకోదు. టిఫిన్ తింటూ దాన్నే చూస్తూ కూర్చుంటుంది.

ఆ వారం కొత్త రూట్లు వేయాలి. ఆమె దగ్గర రెండు పట్టికలున్నాయి. ఒకటి ఫ్యాక్టరీది: పేరు, కార్డు నంబరు, ఫోన్ నంబరు. రెండోది బస్సు కాంట్రాక్టరు ఇచ్చింది: ఫోన్ నంబరు, ఎక్కే చోటు. రెండింటిలోనూ ఉన్నది ఫోన్ నంబరే. దాన్ని పట్టుకుని రెండో పట్టికలోంచి ఎక్కే చోటును వెతికి తెచ్చే ఫార్ములా రాసింది. కొన్ని నంబర్ల దగ్గర చిక్కు వచ్చేసరికి గడులన్నీ తప్పు చూపించాయి. ఒక్క జవాబు ఉండాల్సిన చోట ఒకటికంటే ఎక్కువ దొరికాయని సాఫ్ట్‌వేర్ చెప్పింది.

మేనేజరు ఉజ్వల్ గండిపేట నుంచి వస్తాడు. ఆమె వెనక నిలబడి చూశాడు.

“రూట్లు సాయంత్రానికి కాంట్రాక్టర్‌కి వెళ్లాలి సమతా.”

“కొన్ని నంబర్లకు రెండు చోట్లు వస్తున్నయ్ సార్.”

“అలాంటి వాటికి మెయిన్ రోడ్డు అని పడేలా పెట్టేయ్. తర్వాత చూద్దాం.”

ఫార్ములా చివర ‘మెయిన్ రోడ్డు’ అని చేర్చింది. తప్పులు మాయమయ్యాయి. రూట్ల మ్యాపు శుభ్రంగా వచ్చింది. అందులో రాళ్లకుంట అనే ఊరు లేదు. అది ఆమె గమనించలేదు.

మర్నాడు రాళ్లకుంట నుంచి వచ్చి ప్యాకింగ్‌లో పనిచేసే బాలనర్సమ్మ గది తలుపు పట్టుకుని నిలబడింది.

“మా ఊర్లకు బస్సు బందు చేసింది నువ్వేనా బిడ్డా?”

“నేనెందుకు బందు చేస్త అవ్వా?”

“మరి డ్రైవర్ సైదులేమో సోమవారం నుంచి రోడ్డు మీదికి రమ్మంటున్నడు. గీ కాలుకు రాడ్డు ఏసిండ్రు. రోడ్డు దాకా నడవాలె, వచ్చి ఈడ నిలవడాలె. నాతోని కాదు. పని ఇడిసిపెట్టమంటవా?”

సమత కుర్చీ జరిపింది. ఆమె ఫోన్ నంబరు అడిగి వెతికింది. తొమ్మిది పేర్లు వచ్చాయి.

“అవ్వా, తొమ్మిది మందికి నీ నంబరే ఉన్నది.”

“ఉండదా మరి? సైదులు మొయినాబాద్ దాటంగనే నాకు ఒక్క ఫోన్ కొడ్తడు. నేను గోడ మీంచి ఒక్క కేక ఏస్త. అందరొస్తరు.”

“వాళ్లకు ఫోన్లు లేవా?”

“ఎందుకు లేవు? పిల్లలు రాత్రంత బొమ్మలు సూస్తరు. పొద్దుగాల చార్జింగ్ ఉంటదా? నాది బటన్ల ఫోను.”

“మరి నలుగురు పూలతోట కాడ ఎక్కుతరని ఉన్నది. ఆడిదాకా నీ కేక ఇనపడ్తదా?”

“నాది ఇనపడదు. నా కోడలిది ఇనపడ్తది. దాని గొంతు నీకు తెల్వది.”

సమత నవ్వింది. తర్వాత తెర వైపు చూసింది. నంబరు ఒకటి, ఎక్కే చోట్లు రెండు. ఆ తొమ్మిది మందిలో ఎవరూ తప్పు చెప్పలేదు. ఒక నంబరు అంటే ఒక మనిషి అని అనుకున్నది తానే.

ఉజ్వల్‌కు చెప్పింది.

“ఎవరి నంబర్ వాళ్లని ఇవ్వమను.”

“ఇస్తరు సార్. ఫోన్ చేస్తే ఎత్తరు. కార్డు నంబరుతో కలిపితే సరిపోతది. కాంట్రాక్టరు పట్టికల అది లేదు. నేను బస్సుల పొయ్యి రాసుకొస్త.”

ఉజ్వల్ వంగి తెర మీది మ్యాపు చూశాడు. “సరే. కానీ నలుగురి కోసం ఇంకో స్టాప్ ఇవ్వలేను. ముందే చెప్తున్నా.”

మర్నాడు పొద్దున బస్సులో సమత ముందు సీట్లో కూర్చుంది. రాళ్లకుంటలో ఆడవాళ్లు ఎక్కుతుంటే సైదులు అరిచాడు.

“చెకింగ్ మేడమ్ వచ్చింది. టికెట్లు తియ్యుండ్రి.”

“సీటు సక్కగ లేని బస్సుకు టికెట్ కూడానా?” అంది వెనక నుంచి ఒకామె.

మెడలో వేలాడే కార్డులు ఒక్కొక్కటే ముందుకు వచ్చాయి. సమత నంబరూ, ఎక్కిన చోటూ రాసుకుంది.

మిగతా ఊళ్లవాళ్ల ఫోన్ నంబర్లు ఎవరివి వారివే. వాటితోనే వాళ్ల కార్డు నంబర్లను రెండో పట్టికలోకి తెచ్చుకుంది. ఈ తొమ్మిది చేత్తో వేసింది. ఫార్ములాను కార్డు నంబరు మీదికి మార్చింది. చివర చేర్చిన ‘మెయిన్ రోడ్డు’ తీసేసింది. మనిషికి ఒక చోటు వచ్చింది. ఉజ్వల్ పూలతోట కొట్టేశాడు. రాళ్లకుంట ఉంచాడు.

సోమవారం పొద్దున్నే సైదులుకు ఫోన్ చేసింది.

“అవ్వ ఎక్కిందా అన్నా?”

“ఎక్కింది. ముందు సీటు ఇచ్చిన. పూలతోటోళ్లు రాళ్లకుంట దాకా నడిచొచ్చిండ్రు. నిన్ను తిడుతుండ్రు.”

“ఏమని?”

“నాకెందుకు, నువ్వే ఇను.”

ఫోన్ చేతులు మారింది. నాలుగు గొంతులు ఒకేసారి మాట్లాడాయి. సమత మధ్యలో అడ్డు రాలేదు. వాళ్లు చెప్పడం అయ్యాక, “సార్‌ను మళ్ల అడుగుత అక్కా” అంది.