పప్పుకట్టులో ప్రోటీన్

కాన్పుకి ముందు మూడు నెలలు ఉదయశ్రీకి మంచమే లోకమైంది. జర్మనీలోని కొలోన్ నగరంలో డాక్టర్లు దిగొద్దన్నారు, ఆమె దిగలేదు. పాప క్షేమంగానే పుట్టింది గానీ తల్లి కాళ్ళూ చేతులూ పుల్లల్లా అయిపోయాయి. నెల దాటినా పాపను ఉయ్యాల్లోంచి తానే ఎత్తుకోలేకపోయేది. ఎవరో ఒకరు తెచ్చి ఒళ్ళో పెట్టాలి, పాలు తాగాక ఎవరో ఒకరు తీసుకుపోవాలి. పాప ఒళ్ళో ఉన్నా, లేకపోయినా ఆమెకి ఒకేలా ఉండేది. సొంతంగా ఎత్తుకున్న రోజున ప్రేమ అదే వస్తుందిలే అనుకుని, ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

బాలింతల్ని ఇంటికొచ్చి చూసే మంత్రసానిని అక్కడ హెబామె అంటారు. ఆవిడ ఉదయశ్రీ భుజాలు నొక్కి చూసి, కండ పట్టాలంటే వ్యాయామంతో పాటు ప్రోటీన్ కూడా కావాలంది. కిలో బరువుకి ఒకటిన్నర గ్రాము చొప్పున, అరవై కిలోల మనిషికి రోజుకి తొంభై.

ఆ తొంభై బాధ్యతను భర్త జగన్మోహన్ నెత్తికెత్తుకున్నాడు. ఆఫీసులో సాఫ్ట్‌వేర్ తప్పులు పట్టే మనిషికి ఇదొక లెక్కా! కందిపప్పు ప్యాకెట్ మీద నూరు గ్రాములకి ఇరవై రెండని ఉంది. భార్య పూటకో పెద్ద గిన్నెడు పప్పుకట్టు తాగుతోంది. గిన్నె తూచాడు, గుణించాడు, రెండు పూటలకే నూటపది తేలేసరికి మురిసిపోయాడు. వారాలు గడిచినా ఉదయశ్రీ చేతులకి మాత్రం బలం రాలేదు.

ఆ వంట అతని తల్లి వెంకటరమణమ్మది. విజిటర్ వీసా మీద వస్తూ కారప్పొడులతో పాటు బాలింత పథ్యాన్ని కూడా మోసుకొచ్చింది. గుడ్డు వద్దు, పెరుగు వద్దు, ముద్దపప్పు వాతం. ఒకరోజు కొడుకు తన లెక్క వినిపిస్తే ఆవిడ గరిటె పక్కన పెట్టేసింది.

"ఒరేయ్, కట్టులో పప్పెక్కడుంటుందిరా? పైన తేరిన నీళ్ళే గదా! అడుగున గట్టిపప్పంతా నువ్వూ నేనూ తింటున్నాం."

జగన్మోహన్ తన పొట్ట వైపు చూసుకున్నాడు. ఉదయశ్రీకి ఆ సంగతి మొదటినుంచీ తెలుసు. చెప్పాలనిపించలేదు, అంతే.

హెబామె గట్టిగా చెప్పాక అత్తగారు సణుక్కుంటూనే పథ్యం విప్పింది. ముద్దపప్పు, గుడ్లు, పెరుగు, క్వార్క్ అనే అక్కడి మెత్తని పనీర్ అన్నీ కంచంలోకి వచ్చాయి. ఉదయశ్రీ పెట్టింది పెట్టినట్టు తింది. ఏదీ రుచి తెలియలేదు. నీళ్ళ సీసాలు పట్టుకుని చేతులు లేపమంటే లేపింది.

ఒక మధ్యాహ్నం పాప ఏడుస్తుంటే వెళ్ళి తనే ఎత్తుకుంది. చేతులు వణకలేదు. అత్తగారు మెటికలు విరిచింది. జగన్మోహన్ ఫోటోకి ఫోను తీశాడు.

"అత్తయ్యా, నాకేం అనిపించట్లేదు" అంది ఉదయశ్రీ. "ఎత్తుకుంటే వస్తుందనుకున్నాను. రాలేదు."

ఫోను దించేశాడు జగన్మోహన్. వెంకటరమణమ్మ కొడుకు వైపు చూడకుండా కోడలి పక్కన కూర్చుంది.

"వీడు పుట్టినప్పుడు నాకూ ఇంతేనమ్మా. ఏడాది దాకా వీడెవరో అన్నట్టే ఉండేది. ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు."

జగన్మోహన్ దించిన ఫోనులోనే డాక్టర్ నంబరు వెతికాడు. "టెర్మిన్, అదే అపాయింట్‌మెంట్, తీసుకుంటాను" అన్నాడు.

"రేపటికే తీసుకో" అంది తల్లి. "నాలాగా ఏడాది ఆగనివ్వకు."