ఆల్సిడ్ కోసం ఆగిన డోలు

దేవుడు పోతే ఊరేగింపులో పెద్ద డోలు వాయించడానికి మా తాతకే కబురొస్తుంది. ఆయన వెళ్ళేదాకా శవం లేవదు. దేవదూతలకు బాకాలు ఊదడం వచ్చేమో గానీ, డోలు మోస్తూ నడవడం రాదు. మా ట్రెమే పేటలో ఏ అరుగు మీద కూర్చున్నవాళ్ళను అడిగినా ఈ మాట ఒప్పుకుంటారు. ఒప్పుకోకపోతే వాళ్ళు వేరే బ్యాండువాళ్ళని అర్థం.

తాత పేరు న్యూమా డెల్పిట్. ప్లాస్టరింగు మేస్త్రీ. వారమంతా జనాల ఇళ్ళ పైకప్పులకు సున్నంతో ద్రాక్షగుత్తులు పోసేవాడు. ఎవరైనా పోతే మాత్రం చేతులు కడుక్కుని, నల్లకోటు తొడుక్కుని, డోలు భుజానికి తగిలించుకునేవాడు. ఆ డోలు మీద ఇత్తడి తాళపు చిప్ప ఒకటి బిగించి ఉంటుంది. దాన్ని కొట్టడానికి కొన్న పుల్లలేవీ ఆయనకు ఆనవు. బీరువాలోంచి నానమ్మ హ్యాంగరు దొంగిలించి, ఆ తీగను వంచి వాడతాడు. అందుకే మా నానమ్మ లియోంటీన్ చర్చి గౌన్లు సగం కుర్చీల మీదే కాపురముంటాయి.

ట్రంపెట్ వాయించే ఆల్సిడ్ ఫోరియా ఆయన చిన్ననాటి స్నేహితుడు. ఇద్దరూ కలిసి ఒకే ఒక్క రికార్డు ఇచ్చారు. అందులో ఒకచోట బ్యాండంతా ఆగుతుంది. ఆల్సిడ్ ఒక్కడే అందుకోవాలి. అందుకోడు. అంతా నిశ్శబ్దం. అప్పుడు తాత డోలు మీద ఒక్క దెబ్బ వేస్తాడు, ఎవరింటి తలుపో తట్టినంత మెత్తగా. అప్పుడొస్తాడు ఆల్సిడ్.

"వాడెప్పుడూ ఆలస్యమే. కానీ వాడొచ్చాక, ముందొచ్చినవాళ్ళంతా ఎందుకు తొందరపడ్డామా అనుకుంటారు," అనేవాడు తాత.

ఆ తర్వాత సినిమావాళ్ళు దిగారు. పాత జాజ్ రోజుల కథట. మా వీధిలోనే శవయాత్ర తీస్తామన్నారు. సమాధి దాకా మెల్లగా భక్తిగీతాలే వాయించాలని మా దగ్గర పసిపిల్లలకు కూడా తెలుసు. పోయినవాణ్ణి సమాధి గూట్లో పెట్టాక, పెద్ద డోలు పిలుపిచ్చాక, అప్పుడు గొడుగులు విప్పి చిందులేస్తాం. దర్శకుడు మాత్రం చర్చి గుమ్మం నుంచే చిందులు కావాలన్నాడు.

"పెట్టెలో మనిషున్నాడు బాబూ," అన్నాడు తాత.

"అది ఖాళీ పెట్టె!"

"మీకు ఖాళీ. వెనకాల నడిచేవాడికి కాదు."

"వాయించెయ్యరా న్యూమా, సినిమాయే కదా," అన్నాడు ఆల్సిడ్.

తాత డోలు విప్పి చంకన పెట్టుకుని ఇంటికొచ్చేశాడు. ఆల్సిడ్ అక్కడే ఉండి వాయించాడు.

సినిమా వచ్చినప్పుడు నానమ్మ వెళ్ళి, మా నల్లవాళ్ళను కూర్చోనిచ్చే పై బాల్కనీలోంచి చూసొచ్చింది.

"ఎలా వాయించాడే?" అని అడిగాడు తాత.

"బాగానే వాయించాడు. కానీ అందరికంటే ముందే అందుకున్నాడు."

"అయితే వాడు ఆల్సిడ్ కాదు," అన్నాడు తాత. ఇరవై రెండేళ్ళు వాళ్ళకు మాటల్లేవు. ఆదివారాలు ఆ రికార్డు పెడతాడు. నిశ్శబ్దం దాకా వింటాడు. ఆల్సిడ్ వచ్చేలోగా ముల్లు ఎత్తేస్తాడు. ఇంత మొండితనం మా ఇంట్లో నాకొక్కదానికే వచ్చింది.

పోయిన వసంతంలో ఆల్సిడ్ చనిపోయాడు. రెండోరోజు ఆయన భార్య ఒఫీలియా మా వంటింట్లోకి నేరుగా వచ్చింది.

"శనివారం ఎత్తుతున్నాం న్యూమా. నువ్వే వాయించాలి."

"నా మోకాలు బాగాలేదు."

"నిన్న చేపలు పట్టడానికి పోయావట?"

"చేపలు నన్ను ఊరేగించలేదుగా."

"చూడు, ఆస్పత్రిలో ఆయన ఒకే మాట చెప్పాడు. న్యూమా వాయిస్తేనే పోతాడట, లేకపోతే ఇంట్లోనే తిరుగుతుంటాడట. బతికున్నన్నాళ్ళూ భరించాను. ఇప్పుడు కూడా భరించమంటావా?"

తాత గిన్నెలో ఎర్ర చిక్కుళ్ళు కలుపుతూ కూర్చున్నాడు. ఆయన వెళ్ళకపోతే ఆ డోలు మోయడానికి కుర్రాళ్ళకు కొదవలేదు. కానీ ఆల్సిడ్ అడిగిన చెయ్యి అది కాదు.

శనివారం పొద్దున నానమ్మ ఊదారంగు గౌను బీరువా కింద కుప్పగా పడి ఉంది. హ్యాంగరు లేదు.

"వెళ్తున్నాడు," అంది నానమ్మ, గౌను దులుపుకుంటూ. తిట్టకపోవడం అదే మొదటిసారి.

పన్నెండు వీధులు నడిచాడు తాత. కుంటి మోకాలితో, తాళం తప్పకుండా. నేను మంచినీళ్ళ సీసా పట్టుకుని పక్కనే నడిచాను. ఆరో వీధిలో, బ్యాండు నడిపించే ఆల్టన్ అనే కుర్రాడు ట్రంపెట్ దించి వెనక్కి తిరిగాడు.

"తాతా, జనం విసుగెత్తుతున్నారు. హుషారుది అందుకుందామా?"

"పెట్టెలో మనిషున్నాడు," అన్నాడు తాత. ఆల్టన్ ముందుకు తిరిగి భక్తిగీతమే అందుకున్నాడు.

సమాధి దగ్గర ఆల్సిడ్‌ను గూట్లో పెట్టారు. ఫాదర్ ప్రార్థన ముగించాడు. చిన్న డ్రమ్ము కుర్రాడు మోత అణచడానికి దాని అడుగున దోపిన చేతిరుమాలు లాగేశాడు. గొడుగులు విప్పడానికి అందరూ సిద్ధంగా ఉన్నారు. ఇక తాత పిలుపే తరువాయి. తాత మాత్రం చెయ్యి గాల్లో పెట్టి ఆగిపోయాడు.

"ముసలాయన మర్చిపోయాడ్రా," అన్నారెవరో వెనక నుంచి.

నేను మోచేత్తో పొడిచాను. "తాతా, కొట్టు! అందరూ నిన్నే చూస్తున్నారు!"

"ఉండవే. వాడు ఆలస్యంగా వస్తాడు."

ఆ మాట ఒఫీలియాకు వినిపించింది. ముసుగు వెనకాల ఆమె ఫక్కున నవ్వి, వెంటనే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. అప్పుడు తాత ఒక్క దెబ్బ వేశాడు, తలుపు తట్టినంత మెత్తగా. ఇంకాస్త ఆగాడు. ఆ తర్వాత హ్యాంగరు తీగ ఇత్తడి మీద పడింది, ఆల్టన్ అందుకున్నాడు, గొడుగులన్నీ ఒక్కసారి పైకి లేచాయి. తిరుగు దారిలో తాత కుంటడం నేను చూడలేదు.

మర్నాడు రికార్డు పెట్టినప్పుడు ముల్లు ఎత్తలేదు. చివరిదాకా విన్నాడు.

ఇదంతా రాసి, తాతను కూర్చోబెట్టి చదివి వినిపించాను. కళ్ళు మూసుకుని విని, ఒక కన్ను తెరిచాడు.

"దేవుడి శవానికి వేరే ఎవణ్ణైనా చూసుకోమను. నేను నడిచింది పన్నెండు వీధులు కాదే మొద్దూ, పద్నాలుగు. లెక్కలు నేర్పకుండానే పంపించేశారా నిన్ను బళ్ళోంచి!"