వణుకు దరువు

మా డప్పు మాస్టరు పోయిండు. పోయిన ఆదివారం పొద్దుగాల దిల్‌సుఖ్‌నగర్‌ల ఆటో ఆపి చాయ్ తాగుతుంటె అమ్మ ఫోన్ చేసింది. అమ్మంటే మాస్టరు భార్య. డప్పు కొట్టే మా అందరికి ఆమె అమ్మనే. "మీ మాస్టరు లేస్తలేడు బిడ్డా," అన్నది.

నాతోని తాగుడు మాన్పించింది ఆయననే. దవాఖానల గోలీలిచ్చిండ్రు, అది వేరే. మానేసిన కొత్తల నా చేతులు ఒకటే వణుకుడు. డప్పు పుల్ల పట్టుకుంటె జారి పడేది. ఇగ డప్పు నాతోని కాదని ఏడ్చిన. మీర్‌పేట్‌ల వాళ్ల డాబా మీద కూసోబెట్టి, "వణకనియ్యి. అది ఎట్ల పోతె అట్లనే కొట్టు," అన్నడు. చెయ్యి తడబడ్డ కాడల్లా ఆయన నోటితోని తాళం పట్టిండు. నెల దినాలల్ల అదొక కొత్త దరువైంది. దాని మీద తెలంగాణ పాట కట్టిన. తాగే దినాలల్ల గూడ పాటలు కట్టేటోన్నే, తెల్లారితె ఒక్కటి యాదికుండకపోయేది.

ఆ పాట పాడనీకె చైతన్యపురి రోడ్డు మీది దీక్ష టెంటుకు పోయినం. డప్పులోళ్లను పిలిస్తె ముందుగాల మందు పోసుడు మా దిక్కు రివాజు. అక్కడి లీడరు క్వార్టర్ సీసా పట్టుకొచ్చి మైకుల అన్నడు: "వీనికి చుక్క పడకుంటె చెయ్యి లేవదు!" టెంటంత నవ్వింది. నాకు తల కొట్టేసినట్టయింది. వాని మూతి పగలగొడ్దామని లేచిన. మాస్టరు మెడ మీద చెయ్యేసి చెవుల చెప్పిండు: "పగ పారెయ్యకు బిడ్డా, దాచుకో. తాగితె పగ గూడ నిలవది."

పాడిన. నవ్వినోళ్లే చప్పట్లు కొట్టిండ్రు. పగ మాత్రం సల్లారలె. అందరు మాఫ్ చెయ్యమంటరు. నేను చెయ్య.

మూడో దినం పిట్టకు పెట్టినం. పోయినోళ్లకు ఇష్టమైనవన్ని ఇస్తరాకుల పెడ్తరు గద, పిట్ట ముట్టేదాక ఎవ్వరు తినరు. అమ్మ మటన్, చాయ్, ఆయన చాయ్‌ల నానేసుకొని తినే బిస్కెట్లు పెట్టింది. గా లీడరు కండువ ఏసుకొని వచ్చి, పక్కన క్వార్టర్ పెట్టిండు. "అన్నకు మందంటె పాణం గదా!" అన్నడు. తాగుడు ఇడిచి పన్నెండేండ్ల సంది ముట్టనోనికి! సీసా తీసి వాని చేతులనే పెట్టిన.

కాకి రాలె. గంటాయె. "మందు లేకనే ముడతలేదు," అని పెద్దమనుషులు గుసగుస.

"పెట్టనియ్యి తమ్మీ, అందరు ఆకలితోని సస్తున్నరు," అన్నడు లీడరు.

నేను అమ్మ దిక్కు చూసిన. "ఆయన దాన్ని ఒదిలించుకోనీకె ఎంత తన్లాడిండో నాకెరుక," అన్నది అమ్మ. "పెట్టేది లేదు. పొద్దుగూకేదాక అయినా కూసుందం."

ఎండ నెత్తి మీదికొచ్చింది. లీడరు సీసాను కండువ కింద దాసుకోనీకె చూస్తుండు, దాగుతలేదు. వచ్చేటోళ్లు పోయేటోళ్లు అందరు దాన్నే చూస్తున్నరు. నేను వానికి ఎదురుంగ పీటేసుకొని కూసున్న. అందరు ఆకలి ఆకలి అంటున్నరు. నాకైతే ఆకలే కాలె.