కరివేపాకు చుట్టాలు

ఫిల్మ్‌నగర్ రోడ్డు పక్క ఖాళీ జాగాలో భిక్షం ఇరవై ఏండ్ల సంది మొక్కలు అమ్ముకుంటుండు. జాగా ఆయనది కాదు. చుట్టూ సాఫ్ట్‌వేరోళ్ల అపార్ట్‌మెంట్లు లేస్తుంటే, కొత్త ముఖం కనబడ్డదంటే చాలు, జాగా కొలవడానికే వచ్చిండ్రని ఆయన గుండెల్లో రాయి పడేది.

ఆ వానకాలం జెరూష అనే కాలేజీ పిల్ల వచ్చి, మొక్కకో ఆకు తుంచి, కవర్లలో వేసి నంబర్లు రాయబట్టింది. భిక్షం అడ్డం నిలబడ్డడు.

"ఏందమ్మా, సర్వేకొచ్చినవా?"

"కాదు బాబాయ్! ఆకులో ఉండే డీఎన్‌ఏ చదివితే, ఏ మొక్కకు ఏది చుట్టమో తెలుస్తుంది."

"గట్లనా! మరి కరివేపాకుకు వేప ఏమైతది? అన్ననా?"

"దూరపు చుట్టమే. కరివేపాకుకు దగ్గరి చుట్టం నిమ్మ."

భిక్షం నిమ్మ మొక్క దిక్కు తిరిగిండు. నిమ్మాకు తినే పచ్చపురుగే కరివేపాకునూ తింటది, పక్కనున్న వేపను ముట్టదు. ఏటేటా ఏరి పారేసేది తనే కదా! భూములు కొలిచేటోళ్లకు ఈ సంగతి ఏడ తెలుస్తది?

పురుగుతో సహా నిమ్మాకు తుంచి ఆమె చేతిలో పెట్టిండు.

"ఈ పురుగునూ అడుగు బిడ్డా, ఆకును నీకంటే ముందే చదివింది. నంబర్లు మాత్రం ఆకులకే వెయ్యి, జాగాకు కాదు."