క్లాసులో కూర్చున్న మేనత్త

అశోక్ నగర్ హాస్టల్లో ఉండి గ్రూప్స్‌కు చదువుతున్న రోజుల్లో, జగిత్యాల నుంచి మా మేనత్త నన్ను చూడటానికి వచ్చింది. హైదరాబాద్ రావడం ఆమెకు అదే మొదటిసారి. మర్నాడు నాకు మోడల్ టెస్ట్ ఉంది. ఆమెను వెంటబెట్టుకెళ్లి, కోచింగ్ సెంటర్ బయట టీ కొట్టు దగ్గర కూర్చోబెట్టి వెళ్లాను.

టెస్ట్ రాసి వచ్చేసరికి అత్త లేదు. ఆమె దగ్గర ఫోన్ కూడా లేదు. టీ కొట్టు అన్న, "గిరాకీల చూస్కోలే చెల్లె" అన్నాడు. చిక్కడపల్లి మార్కెట్ దాకా పరుగెత్తాను. ఎక్కడా కనిపించలేదు. నాన్నకు ఏమని చెప్పాలో తోచలేదు.

స్నేహితులను సాయం అడుగుదామని ఏడుస్తూ కోచింగ్ సెంటర్‌కే తిరిగి వచ్చాను. కింది హాల్లో ఎవరిదో క్లాసు జరుగుతోంది. వందలాది మంది విద్యార్థుల వెనక, చివరి బెంచీలో, నిండుగా కొంగు కప్పుకుని అత్త! ఎండకు తాళలేక, నన్ను వెతుక్కుంటూ లోపలికి వచ్చిందట.

"ఎంత భయపడ్డనో తెలుసా అత్తా?" అన్నాను బయటికి తీసుకొచ్చి.

ఆమె నా కళ్లు తుడిచింది. "ఇంతమంది సదువుతున్నరా బిడ్డా! నౌకరి ఎప్పుడొస్తదని అందరం నిన్ను సతాయిస్తున్నం. ఇగ ఎవలన్న అడిగితే నేను జవాబు చెప్త" అంది.

ఉద్యోగం ఆలస్యంగానే వచ్చింది. అప్పటిదాకా మా ఇంట్లో ఆ ప్రశ్న మాత్రం మళ్లీ వినలేదు.