మిరపకోతకు వచ్చిన ఆడపడుచు

మొన్న మధ్యాహ్నం భోజనాలయ్యాక టీవీ పెట్టుకుని కూర్చుంటే, అడవిలోంచి తుపాకులతో సహా బయటికొచ్చిన మనుషుల్ని వరసగా నిలబెట్టి చూపిస్తున్నారు. ఆడవాళ్లూ ఉన్నారు, మగవాళ్లూ ఉన్నారు. కొందరికి జుట్టు నెరిసిపోయింది. ఏళ్ల తరబడి నడిచిన పోరాటం ఇక ముగిసినట్టేనని వార్తలు చదివే అమ్మాయి గొంతు పెంచి చెబుతోంది. మావారు మజ్జిగ గ్లాసు పక్కన పెట్టి, "అయితే ఇక మన మిరపకోతకి మనుషులు రారేమోనే" అన్నారు. ఆయన్ని తప్పు పట్టలేను. రైతు బుర్ర అలాగే ఆలోచిస్తుంది. వాన పడితే కల్లం తడుస్తుందేమోనని, ఎండ కాస్తే కాయ ముడుచుకుపోతుందేమోనని, ఎక్కడో శాంతి వస్తే కూలీలు దొరకరేమోనని. నేను మాత్రం ఆ వరసలో ఆడవాళ్ల ముఖాలు ఒక్కొక్కటే వెతుకుతున్నాను. మావారు నా వంక చూసి, "నీ ఆడపడుచు అందులో ఎందుకుంటుందే, అది కోతకొచ్చిన మనిషి గదా" అన్నారు. ఉండదని నాకూ తెలుసు. అయినా వెతికాను.

ఈ ఆడపడుచు సంగతి చెప్పాలంటే మా అమ్మ దగ్గర మొదలుపెట్టాలి. నాకు సంబంధాలు చూసేటప్పుడు మా అమ్మ పొలం చూడలేదు, మేడ చూడలేదు. ఆడపిల్లలు లేని ఇల్లు కావాలని పట్టుబట్టింది. ఆడపడుచుల చేతుల్లో తను పడ్డ పాట్లు కూతురు పడకూడదని ఆవిడ పంతం. అలా ఏరి ఏరి దర్శి దగ్గర ఈ ఇంటిని పట్టుకొచ్చింది. ఇద్దరూ మగపిల్లలే. చిన్నాయన ఉద్యోగమని ఒంగోల్లో ఉండిపోయాడు కాబట్టి అత్తగారు మొత్తంగా నాకే దక్కింది. దక్కిందన్నానే గానీ, ఆవిడ ఎవరికీ దక్కే మనిషి కాదు. పొడుగ్గా, ఎండుకట్టెలా ఉండేది. మాట పొదుపు. కూరలో ఉప్పు సరిపోయిందా అత్తయ్యా అని అడిగితే, "తింటున్నాంగా" అనేది. మోకాళ్లకి నూనె రాస్తానంటే, "నీది బరువు చెయ్యి, నీకెందుకులే" అనేది. పిలవాల్సి వస్తే "ఏమే" అనేది, అంతే. కాపరానికొచ్చిన కొత్తలో ఏడ్చాను. తర్వాత, ఆవిడ తత్వమే అంత, ఎవరి మీదా ప్రేమ చూపించడం రాదు అని సర్దుకున్నాను. ఎవరికీ లేనిది నాకు లేకపోతే బాధేముంది? ఆ సర్దుబాటు మీదే హాయిగా ముసలితనంలోకి నడుస్తున్నదాన్ని.

మా వైపు మిరపకోతకి చుట్టుపక్కల మనుషులు రావడం ఎప్పుడో మానేశారు. కొన్నాళ్లు కర్నూలు వైపు నుంచి వచ్చారు. ఆ తర్వాత ఒక మేస్త్రి భద్రాచలం అవతలి అడవుల నుంచి, ఛత్తీస్‌గఢ్ హద్దు దాటి, ముఠాలు తేవడం మొదలుపెట్టాడు. అలా వచ్చిన మొదటి ముఠాలో ఈ పిల్ల ఉంది. నుదుటి మీద పచ్చబొట్లు, సన్నటి నడుము, వయసు ఇరవై దాటి ఉంటుంది. పొలం ఈ గట్టు మీద నవ్విందంటే ఆ గట్టు మీద వినపడేది. వాళ్ల భాష కలిసిన తెలుగు మాట్లాడేది. ఊరంతా "కోయపిల్ల" అనేవాళ్లు. ముఠావాళ్లు బోరు దగ్గర పట్టాలతో డేరాలు కట్టుకుని ఉండేవాళ్లు, మంచినీళ్లకి మా కల్లం దగ్గరికి వచ్చేవాళ్లు. మా అత్తగారు కల్లంలో నులకమంచం వేసుకుని తెల్లబారిన తాలు కాయలు ఏరుతూ కూర్చునేది. ఆ పిల్ల బిందె దించి, అడక్కుండానే మంచం పక్కన గొంతుక్కూర్చుని తానూ ఏరడం మొదలుపెట్టింది. పోయేటప్పుడు "అవ్వా, పోతన్నా" అంది.

అవ్వ అంటే ముసలమ్మ గదా అని నేను పట్టించుకోలేదు. పట్టించుకోవాల్సింది తర్వాత కనపడింది. ఒక రోజు టీ తీసుకుని కల్లానికి వెళ్లేసరికి మా అత్తగారు మంచం మీద కూర్చుని, ఆ పిల్లని కింద కూర్చోబెట్టుకుని, తల దువ్వుతోంది. ఎండలో ఇద్దరూ ఒక మాటా లేకుండా, ఎన్నో ఏళ్లుగా అదే పని చేస్తున్నట్టున్నారు. ఇంకో రోజు ఆ పిల్ల ఆవిడ మోకాళ్లకి నూనె మర్దనా చేస్తుంటే ఆవిడ కళ్లు మూసుకుని ఉంది. మిరప తొడిమలు తీసీ తీసీ మొద్దుబారిన చేతులవి. అవి బరువు కాలేదు మరి. ఆపైన "అమ్మాయ్" అని పిలిచింది. ఆ మాట మా అత్తగారి నోట్లో ఉందని నాకు అప్పటిదాకా తెలియదు. ఆ వారమంతా నేను ఆవిడకి ఇష్టమైనవే వండాను. చిక్కుడుకాయ కూర, గోంగూర పప్పు, నెయ్యి ఎక్కువేసి సున్నుండలు. ఆవిడ సగం తిని, సగం గిన్నెలో పెట్టి, "బోరు కాడికి పంపించు" అనేది. నా చేతి వంట నా చేతే పంపించేది.

ఉండబట్టలేక మేస్త్రి వచ్చినప్పుడు కదిపాను. "ఆ పిల్లేంటయ్యా, మా అత్తగారిని అవ్వా అవ్వా అంటా వదలదు?"

అతను నవ్వాడు. "అవ్వంటే మన అవ్వ కాదమ్మా. వాళ్ల భాషలో అవ్వంటే అమ్మ."

"అమ్మా?"

"అవును. ఆ లెక్కన మీకు ఆడపడుచు అవుద్ది."

సరదాకి అన్నాడు. ఆ మాట ఆ పిల్ల చెవిన కూడా వేశాడేమో, అప్పటిదాకా నన్ను "అక్కా" అంటున్నది మర్నాటి నుంచి నోరారా "వదినా" అనడం మొదలుపెట్టింది. మా అమ్మ అంత ఏరి ఇచ్చిన ఇంట్లో, నా పిల్లలకి పెళ్లిళ్లయిపోయాక, నాకు ఆడపడుచు పుట్టింది.

అడవిలో అన్నలుంటారని, పోలీసులు తిరుగుతుంటారని నాకు తెలియక కాదు. ఒకప్పుడు మా పడమట నల్లమలలోనూ ఉండేవాళ్లు. మాకదంతా పేపర్లో వచ్చే వార్త. ఆ పేపరు పరిచి వడియాలు ఆరబెట్టుకునేవాళ్లం. వార్తలో మనుషుల సంగతి నాకు తెలిసింది మా మరిది కొడుకు వల్ల. వాడు ఒంగోలు నుంచి వచ్చి, ఎర్రటి కల్లం అందంగా ఉందని ఫోన్‌తో ఫొటోలు తీస్తున్నాడు. ఆ పిల్ల చప్పున పైట ముఖం మీదికి లాక్కుని అవతలికి తిరిగింది. కాసేపాగి వాడి దగ్గరికొచ్చి, "అది తీసెయ్ బాబూ" అని బతిమాలింది. వాడు "ఏం కాదులే" అని ఇంకొకటి తీయబోయాడు. మా అత్తగారు మంచం మీంచి లేచింది. "తీసెయ్యరా. ఇప్పుడే, నా ముందర" అంది. మనవణ్ణి ఆవిడ గదమాయించడం అంతకుముందెప్పుడూ నేను చూడలేదు. వాడు తెల్లమొహం వేసుకుని ఫొటోలన్నీ తీసేశాడు. నాకు కడుపు భగ్గుమంది. కూలికొచ్చిన మనిషి కోసం వంశోద్ధారకుణ్ణి కసురుతుందా అని.

మధ్యాహ్నం నేనూ ఆ పిల్లా పక్కపక్కనే కూర్చుని తొడిమలు తీస్తున్నాం. "ఫొటోకి అంత భయమేంటే?" అన్నాను, కొంచెం కటువుగానే.

"ఎవరి చేతిలో పడుద్దో తెలవదు వదినా. ఈళ్లు చూస్తే ఆళ్ల మనిషంటారు, ఆళ్లు చూస్తే ఈళ్ల మనిషంటారు."

"మీ అమ్మ పంపిందా నిన్ను ఇంత దూరం?"

ఆ పిల్ల చేతులు ఆగలేదు. "అమ్మ లేదు. అన్నం అడిగితే పెట్టాలి గదా వదినా, తుపాకీ ఉన్నోడు అడిగినా, లేనోడు అడిగినా. మా అమ్మ పెట్టింది. అన్నలకి అన్నం పెట్టిన ఊరని ఇళ్లు తగలబెట్టారు. మళ్లీ కట్టుకున్నాం. సంతలో పోలీసాయన ఆపి ఎక్కడికి పోతన్నావంటే చెప్పాలి గదా. చెప్పింది. చెప్పినందుకు ఆళ్లొచ్చి తీసకపోయారు. చెరువు కాడ దొరికింది."

ఇళ్లు కాల్చింది పోలీసుల వైపువాళ్లని, అమ్మని తీసుకుపోయింది అన్నలని నేను మళ్లీ అడిగి విడదీసుకోవాల్సి వచ్చింది. ఆ పిల్లకి ఆ తేడా పెద్దగా పట్టినట్టు లేదు. మిరప ఘాటుకి ఇద్దరికీ కళ్లమ్మట నీళ్లు కారుతున్నాయి. ఏవి దేనికో తెలియలేదు.

ఇంత విన్నాక అసూయ పోవాలి. పోలేదు. జాలి కూడా వచ్చి దాని పక్కన కూర్చుంది, అంతే. పైగా కొత్త మంట ఒకటి. మా అత్తగారికి ఇదంతా మొదటి వారమే తెలుసట. ఇంటికొచ్చాక అడిగాను, నాతో ఒక్క ముక్కా ఎందుకు చెప్పలేదని. ఆవిడ వక్క నములుతూ నన్ను ఎగాదిగా చూసింది. "నీకు మీ అమ్మ ఉందిగా. వచ్చినప్పుడల్లా నీ ఎదురుగా కూర్చుని నా మీద చాడీలు వింటుంది. దానికెవరున్నారు?" అంది. ముప్పై ఏళ్లలో ఆవిడ నాతో అన్న అతి పెద్ద మాట అదే.

కొన్నేళ్లు అలా వస్తూ పోతూ ఉంది. ఒక ఏడాది ముఠా వచ్చింది గానీ ఆ పిల్ల రాలేదు. నాకు మొదట ప్రాణం తేలికపడింది. మా అత్తగారు మాత్రం మంచాన్ని దారి వైపు తిప్పించుకుంది. కంచంలో అన్నం కంచంలోనే ఉండేది. చివరికి నేనే మేస్త్రిని నిలదీశాను. పోలీసుల కోసం అన్నలు పాతిపెట్టిన బాంబు మీద ఆ పిల్ల తమ్ముడు కాలు వేశాడట. తెల్లారగట్ల ఇప్పపూలు ఏరడానికి వెళ్లాడట. పాదం పోయింది. అక్కాతమ్ముళ్లిద్దరూ భద్రాచలం వైపు ఆసుపత్రిలో ఉన్నారని చెప్పాడు.

మా అత్తగారు లేచి వెళ్లి పెట్టె తెరిచింది. కట్టీ కట్టీ పువ్వుల్లా మెత్తబడ్డ చీరాల నేత చీరలు తీసింది. ఎండాకాలం కట్టుకుంటే ఎంత బాగుంటాయోనని నేను ఎన్నాళ్ల నుంచో కన్నేసిన చీరలవి. "కట్లకి పనికొస్తాయి. తీసకెళ్లు" అంది.

"నేనా అత్తయ్యా?"

"నేను బస్సెక్కగలనా? నీ ఆడపడుచేగా."

వెళ్లాను, మావారిని వెంటబెట్టుకుని. పొలాలు అయిపోయి గుట్టలు మొదలయ్యేదాకా బస్సులో గొణుగుతూనే ఉన్నాను. ఆ వార్డులో అడుగుపెట్టాక గొణుగుడు ఆగింది. పశువులు కాసుకుంటూ చెయ్యి పోగొట్టుకున్న ఆడమనిషి ఉంది. భుజంలో తూటా దిగిన ముసలాయన ఉన్నాడు. ఎవరి తూటా అని తెలివితక్కువగా అడిగాను. "తగిలేటప్పుడు అది చెప్పదు గదమ్మా" అన్నాడు. మూల మంచం దగ్గర ఆ పిల్ల కనపడింది. నన్ను చూసి లేచి, నా భుజం మీంచి గుమ్మం వైపు చూసి, "అవ్వ రాలేదా వదినా?" అంది. అంత దూరం ఒళ్లు హూనం చేసుకుని వెళ్లిన నన్ను అడిగిన మొదటి మాట అది. అక్కడ కూడా, ఆ మంచాల మధ్య కూడా, నాకు చురుక్కుమంది. చీరలు చేతిలో పెడితే చింపబోయే ముందు ముఖానికి ఆనించుకుని వాసన చూసింది. నర్సు కట్టు మార్చడానికి వచ్చినప్పుడు తమ్ముడి తల పట్టుకోమని ఆ పిల్ల నన్ను కూర్చోబెట్టింది. మీసాలొచ్చిన పిల్లాడు, నా మణికట్టు విరిగేలా పట్టుకుని "అవ్వా, అవ్వా" అని అరిచాడు. అమ్మని పిలవడమంటే ఏమిటో ఆ అరుపుతో నాకు తెలిసొచ్చింది.

ఇంటికొచ్చి అంతా చెప్పాను. మా అత్తగారు గుచ్చి గుచ్చి అడిగింది, అన్నం ఎక్కడ తింటున్నారు, ఎక్కడ పడుకుంటున్నారు అని. చివర్లో, "వెళ్లి మంచి పని చేశావే" అంది. ఆవిడ నన్ను మెచ్చుకున్నది ఆ ఒక్కసారే. అది కూడా ఆ పిల్ల పుణ్యమే కావడం నాకు ఒక పట్టాన మింగుడు పడలేదు.

ఆ వానాకాలంలోనే మా అత్తగారు పోయింది. పెద్దకోడలిని గదా, వచ్చినవాళ్లకి వండడం, పడకలు చూడడం, పదకొండో రోజు పనులు, వీటితో నాకు ఏడుపు రాలేదు. వచ్చినా ఏడవడానికి తీరిక లేదు. మాఘమాసంలో ముఠా వ్యాను దిగగానే ఆ పిల్ల మూట కూడా దించకుండా నేరుగా మా ఇంట్లోకొచ్చింది. మేస్త్రి చెప్పినట్టున్నాడు. ఆవిడ మంచం ఉండే చోట నేల మీద కూర్చుని, వాళ్ల భాషలో రాగం తీసి ఏడ్చింది. ఎంతసేపటికీ ఆపలేదు. ఇరుగుపొరుగు ఆడవాళ్లు వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. "కన్నకూతురు కూడా ఇట్టా ఏడవదు" అందొకావిడ, నన్ను ఓరగా చూస్తూ. నా కడుపులో పాత మంట లేచింది. మా అత్తగారి కోసం ఇంతలా ఏడవాల్సింది నేను. ఆ మంటతోనే వెళ్లి దాని పక్కన కూలబడ్డాను. ఎక్కడ దాక్కున్నాయో, నాకూ కన్నీళ్లు వచ్చాయి.

తెరిపిన పడ్డాక అడిగాను, అంతసేపు ఏం చెప్పి ఏడ్చావే అని.

"మా పోయినోళ్ల పేర్లు చెప్పా వదినా, అందరివీ. మా అమ్మ, మా మామ, మా పక్కింటామె, దాని బిడ్డ... అవ్వ ఇప్పుడు ఆళ్ల కాడికి పోయింది గదా. అక్కడ కొత్త మనిషి. జాగర్తగా చూసుకోండని చెప్పా."

ఆ ఏడుపు ఎంత పొడుగు సాగిందో అప్పుడు మళ్లీ తలుచుకున్నాను. అన్ని పేర్లన్నమాట.

టీవీలో వార్త చూసిన మర్నాడు నేనే ఫోన్ చేశాను. తమ్ముడు ఎత్తి అక్కకిచ్చాడు. కట్టెకాలుతో నడుస్తున్నాడట, సంతలో చిన్న కొట్టు పెట్టుకున్నాడట. అంతా అయిపోయిందంటున్నారు గదే అన్నాను. "ఇంతకుముందు కూడా అన్నారు వదినా" అంది. మళ్లీ తనే, "ఈసారి కోతకి రాను. బీడు పెట్టిన మా పొలం దున్నాం. వడ్లు పండినయ్యి, నూర్పిళ్లకి మనుషులు దొరకట్లేదు" అంది. అచ్చం మావారిలాగే విసుక్కుంటూ అంది. సంతోషించాల్సిన మాటకి నాకు ఆ పొలం మీద ఈర్ష్య కలిగింది. మా దగ్గరికి రావాల్సిన మనిషిని అది ఉంచేసుకుంది.

మా వైపు జరిగినవన్నీ పంటలతో గుర్తుపెట్టుకుంటాం. తామరపురుగు పడ్డ ఏడు, కల్లాల మీద వాన కురిసిన ఏడు, పత్తి బాగా విచ్చిన ఏడు అంటాం. ఆ పిల్ల వాళ్ల ఊళ్లో ఇన్నాళ్లూ ఫలానా మనిషి పోయిన ఏడు, ఫలానా ఇల్లు కాలిన ఏడు అనుకుంటూ వచ్చారు. ఇక మీదట వాళ్లు ఈ ఏడాదిని వడ్లు పండిన ఏడు అంటారేమో. గడిచిపోయిన కాలానికి ఒక పంట పేరు పెట్టుకోగలగడం ఎంత భాగ్యమో, పుట్టినప్పటి నుంచీ ఆ భాగ్యంలోనే ఉన్న నాకు ఈ వయసొచ్చాక తెలిసింది.