చెప్పకుండా వచ్చిన యుద్ధం

పోయిన వారం వైట్‌ఫీల్డ్‌లో మా అమ్మాయి ఇంట్లో మధ్యాహ్నం భోజనాల వేళ టీవీలో ఏవో రెండు దేశాల కొట్లాట చూపిస్తున్నారు. ఊరు ఊరంతా పొగలో ఉంది, ఆ పొగ బొమ్మ పక్కనే చక్కగా తల దువ్వుకున్న పెద్దమనిషి ఒకాయన కూర్చుని, దీన్ని యుద్ధం అనకూడదు, పరిమిత సైనిక చర్య అనాలి అని మనకి సర్దిచెబుతున్నాడు. నాకు అన్నం సయించలేదు. ఇది యుద్ధం కాకపోతే మరేమిటని పైకే అనేశాను. మా అల్లుడు, పాపం మంచివాడే, పెరుగు వడ్డించుకుంటూ, "టెక్నికల్‌గా ఇది వార్ కాదత్తయ్యా, ఎవరూ డిక్లేర్ చేయలేదు కదా" అన్నాడు. నేను కంచం పక్కకి తోసి లేచిపోయాను. ఈ ముసలావిడకి ఇంత కోపమేమిటని అతను బిత్తరపోయి ఉంటాడు. సరిగ్గా ఆ మాటే ఒకప్పుడు నా నోట వచ్చిందని, దాన్ని నమ్మి మా వదిన ఏం పోగొట్టుకుందో అతనికి తెలియదు.

నా ఈడువాళ్ళయితే నమ్ముతారు గానీ, ఈ వైట్‌ఫీల్డ్ పక్కనే, ఇప్పుడు అద్దాల మేడలున్న హూడిలో ఆ రోజుల్లో రాగి చేలుండేవి. ముళబాగిలు వైపు నుంచి వచ్చి అక్కడ స్థిరపడ్డ కుటుంబం మాది, ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం. మా అన్న సైన్యంలో చేరి సికింద్రాబాదులో ఉండేవాడు, వదిన, మూడేళ్ళ పాప మా దగ్గరే ఉండేవాళ్ళు. నేను దగ్గర్లోని హైస్కూల్లో చరిత్ర చెప్పేదాన్ని. చదువుకున్నదాన్నని నా మాటకి ఇంట్లో ఎంత విలువంటే, పాప ఒంటి మీద లేచింది తట్టో ఆటలమ్మో కూడా నన్నే అడిగేవాళ్ళు, నేనూ అన్నీ తెలిసినట్టే చెప్పేదాన్ని.

నాకు బాగా ఇష్టమైన పాఠం దేశాలు యుద్ధం ప్రకటించే పద్ధతి గురించి. పూర్వం రోమనుల పూజారి సరిహద్దు దాకా వెళ్ళి మా ఫిర్యాదు ఇదీ అని గట్టిగా చెప్పి, గడువిచ్చి, అప్పటికీ అవతలివాళ్ళు దిగిరాకపోతే వాళ్ళ నేల మీదికి ఈటె విసిరేవాడని, తర్వాతి కాలంలో రాయబారిని పిలిచి కాగితం చేతిలో పెట్టేవాళ్ళని, చివరికి హేగ్ నగరంలో దేశాలన్నీ కూర్చుని ముందుగా చెప్పనిదే యుద్ధం మొదలుపెట్టరాదని రాసుకున్నాయని, బోర్డు మీద బొమ్మలు వేసి మరీ చెప్పేదాన్ని. రెండో ప్రపంచ యుద్ధంలోకి మన దేశాన్ని దింపేటప్పుడు వైస్రాయి మన నాయకుల్ని మాటమాత్రంగానైనా అడగకుండా తనే ప్రకటించేశాడని చెప్పేటప్పుడు పిల్లలకంటే ముందు నాకే ఒళ్ళు మండేది. అయినా కనీసం ప్రకటించాడు కదా అనుకునేదాన్ని. ఆ యుద్ధం అయ్యాక ప్రకటించే ఆచారమే దాదాపు మూలపడిందని, యుద్ధ శాఖలు రక్షణ శాఖలని పేరు మార్చుకుని పాత పనే చేస్తున్నాయని మా పాఠంలో లేదు. పాఠంలో లేనిది నాకూ తట్టలేదు.

అలా ఉండగా ఒకరోజు పక్కింటి ఫోనుకి అన్న కబురు చేశాడు. వాళ్ళ దళాన్ని సముద్రం అవతలి దీవికి పంపుతున్నారట, శాంతి కాపాడడానికట. మర్నాడు రేణిగుంటలో వాళ్ళ బండి కొన్ని గంటలు ఆగుతుంది, పాపని తీసుకుని వదినని రమ్మను, ఒకసారి చూసి పోతాను అన్నాడు. వదిన అప్పటికప్పుడు నువ్వులుండలు చేసి, చింతకాయ పచ్చడి సీసాతో కలిపి గుడ్డలో మూట కట్టింది. తిరుపతి బస్సుకి నన్ను తోడు రమ్మంది. నాకేమో స్కూల్లో పరీక్షలు, పాపకి కాస్త ఒళ్ళు వెచ్చగా ఉంది, వెళ్ళక్కర్లేదని నేను ముందే అనేసుకున్నాను.

"దండు పోతా ఉండాదంటే యుద్ధానికే కదా అమ్మణ్ణీ?" అని అడిగింది వదిన.

ఆ ప్రశ్నకి నేను మనిషిలా జవాబు చెప్పలేదు, టీచరులా చెప్పాను. యుద్ధమంటే ముందు ప్రకటించాలని, రెండు దేశాలూ ఒప్పందం చేసుకుని, ఆ దీవివాళ్ళే పిలిస్తే వెళుతున్నారని, ఎవరూ ఎవరి మీదా యుద్ధం ప్రకటించలేదు కనుక ఇది యుద్ధం కానేకాదని, రెండు నెలల్లో అన్నే వస్తాడని, జ్వరం పిల్లతో అంత దూరం దేనికని, పుస్తకం తెచ్చి ఆ పేజీ తీసి మరీ చూపించాను. వదిన అయిదో తరగతి చదివింది. పుస్తకంలో ఉందంటే ఇంకేముందనుకుని మూట విప్పేసింది.

అన్న రాలేదు. మూడో నెలలో కబురొచ్చింది. ఆ తర్వాత వాళ్ళ దళంలోని స్నేహితుడొకాయన మా ఇంటికి వచ్చి కూర్చుని, చెప్పాలా వద్దా అని తటపటాయించి చెప్పాడు. రేణిగుంటలో బండి ఆగినంతసేపూ అన్న స్టేషను బయటే నిలబడి, తిరుపతి వైపు నుంచి వచ్చిన ప్రతి బస్సు దగ్గరికీ వెళ్ళి చూశాడట. బండి కదిలాక పరుగెత్తుకొచ్చి ఎక్కాడట.

ఆ మూడో నెలలో వచ్చిన కాగితం వదిన నా చేతే చదివించుకుంది. చర్యలో మరణించాడని ఉంది గానీ యుద్ధమన్న మాట ఎక్కడా లేదు. రెండుసార్లు చదివించుకుని, "యుద్ధం చెప్పి చేస్తారంటివి కదా అమ్మణ్ణీ. మనకెవురూ చెప్పలేదే" అంది. అంతకుమించి ఒక్క మాట అనలేదు, ఆనాడూ, ఈనాటికీ. ఆవిడ నన్ను జుట్టు పట్టుకుని కొట్టి ఉంటే నాకింత మంట ఉండేది కాదు.

ఈ మంట ఎవరి మీదని అడిగితే ఒకరి మీద కాదు. మనుషుల్ని చావుకి పంపుతూ ఆ పనికి పేరు పెట్టడానికి జంకే పెద్దల మీద కోపం. యుద్ధమంటే జవాబు చెప్పుకోవలసి వస్తుందని చర్య అని, జోక్యమని, శాంతి అని రోజుకో పేరు వెతుక్కునే వాళ్ళ తెలివి మీద అసహ్యం. వాళ్ళందరికంటే ఎక్కువ నా మీద. ఆ పాఠం తప్పని తెలిసీ రిటైరయ్యేదాకా దాన్నే చెప్పాను, అదే జవాబు రాసిన పిల్లలకి పూర్తి మార్కులు వేశాను. సిలబస్‌లో ఉంది కదా అన్నది నా సమాధానం.

ఆ ఈటె విసరడాలు, గడువులు, కాగితాలు రాజులు ఒకరికొకరు చేసుకునే మర్యాదలని పిల్లలకి చెప్పేదాన్ని. ఈ వయసుకి వచ్చాక అనిపిస్తుంది, వాటివల్ల ఎవరికైనా మేలు జరిగి ఉంటే అది పిల్లని చంకనేసుకుని బస్సెక్కవలసిన ఆడవాళ్ళకి జరిగి ఉంటుందని. ఇప్పుడు చెప్పే ఆచారం పోయింది. చెప్పలేదేమని అడిగేవాళ్ళూ పోయారు. భోజనాల మధ్యలో ఊళ్ళు తగలబడుతుంటే అది యుద్ధమా కాదా అని తీరిగ్గా తర్కించుకుంటున్నాం.

మా వదిన ఇప్పుడు సర్జాపురలో కూతురి దగ్గర ఉంటోంది. ఆనాటి పాపకి నలభై దాటాయి. కలిసినప్పుడల్లా వాళ్ళ నాన్న ఎలా మాట్లాడేవాడు, గొంతు ఎలా ఉండేది అని నన్నే అడుగుతుంది. మా వదిన పక్కనే కూర్చుని వింటుంది, రేణిగుంట సంగతి మాత్రం కూతురి దగ్గర ఎత్తలేదు. ఆ గొంతు ఒక్కసారి వినే అవకాశం ఉండేదని, వెళ్ళనీయకుండా ఆపింది నేనేనని, ఇంతవరకూ నేనూ ఆ పిల్లకి చెప్పలేదు.